క్లోవర్‌ఫీల్డ్‌లో కథ లేదు, రాక్షసి లేదు అంటున్నవాళ్లకు

నెల రోజులుగా కర్నూలులో నాకు తెలిసిన సినిమా గ్రూపులన్నిట్లో ఒకే వాట్సాప్ మెసేజీ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. ఆఖరికి మా అక్క కొడుకు కూడా పంపి, "మామా, నువ్వు ఎప్పుడూ చెప్తుంటావే, ఆ సినిమా గురించే ఇది" అని కింద రాశాడు. అది క్లోవర్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు సినిమా మీద. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది:

"ఇది సినిమా కాదు, మోసం. డబ్బుల్లేక రాక్షసిని చూపించలేదు. కెమెరా పట్టుకోవడం రానివాడితో తీయించారు, చూస్తే వాంతులొస్తాయి. మ్యూజిక్ కూడా పెట్టలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవడైనా వీడియో తీస్తాడా? కథ లేదు, ముగింపు లేదు. గాడ్జిల్లాకు కాపీ. అందుకే ఫ్లాప్ అయింది. ఎవరూ చూడొద్దు, పది మందికి పంపండి."

సినిమా నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్లది. దాని మీద నాకు గొడవ లేదు. కానీ ఇందులో ఉన్నవి చాలావరకు ఇష్టాయిష్టాలు కావు, తప్పుడు మాటలు. నేను ఇరవై ఆరేళ్లుగా పెళ్లి వీడియోలు తీసి బతుకుతున్నవాణ్ని. కెమెరా ఎలా ఊగుతుంది, టేపు ఎలా చెరిగిపోతుంది అనేవి నాకు చేతివేళ్లకు తెలిసిన సంగతులు. ఈ సినిమాకు నేను జవాబు చెప్పకపోతే ఎవరు చెబుతారు అనిపించింది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2008 జనవరి 18న విడుదలైంది. దర్శకుడు మాట్ రీవ్స్, నిర్మాత జె.జె. అబ్రమ్స్, రచయిత డ్రూ గాడార్డ్. న్యూయార్క్‌లో రాబ్ అనే కుర్రాడికి జపాన్‌లో ఉద్యోగం వస్తుంది. వెళ్లేముందు స్నేహితులంతా కలిసి పార్టీ ఇస్తారు. వచ్చినవాళ్ల చేత శుభాకాంక్షలు చెప్పించి వీడియో తీసే పని చేతులు మారి హడ్ అనే స్నేహితుడి మీద పడుతుంది. పార్టీ మధ్యలో నగరం మీద ఏదో విరుచుకుపడుతుంది. స్వేచ్ఛా ప్రతిమ తల తెగి వీధిలో వచ్చి పడుతుంది. అందరూ ఊరు వదిలి పారిపోతుంటే, రాబ్ మాత్రం కూలిన బిల్డింగులో చిక్కుకున్న బెత్ అనే అమ్మాయి కోసం వెనక్కి వెళ్తాడు. సినిమా మొత్తం హడ్ చేతిలో ఉన్న ఆ ఒక్క కెమెరాలో రికార్డయిందే. ఆ కెమెరా తర్వాత సైన్యానికి దొరికింది, దాన్నే మనం చూస్తున్నాం అన్నట్టుగా ఉంటుంది. ఇలాంటివాటిని ఫౌండ్ ఫుటేజ్ సినిమాలంటారు.

ఇప్పుడు ఒక్కొక్క మాటా చూద్దాం.

"డబ్బుల్లేక రాక్షసిని చూపించలేదు" అన్నది మొదటిది. చూపించారు, ఒకసారి కాదు. మొదట వీధి చివర బిల్డింగుల సందులో ఒక్క క్షణం కదులుతుంది. బ్రూక్లిన్ బ్రిడ్జి మీదికి తోక వచ్చి పడుతుంది. సైన్యం కాల్పులు జరిపే వీధిలో తలల మీదుగా కాళ్లు దాటిపోతాయి. కరెంటు సామాన్ల షాపులో టీవీల్లో కనిపిస్తుంది. హెలికాప్టర్ ఎక్కాక పైనుంచి ఒళ్లంతా కనిపిస్తుంది. చివర పార్కులో హడ్ మీదికి వంగినప్పుడు ముఖం స్క్రీన్ నిండా వస్తుంది. ఇంతకన్నా ఏం చూపించాలి? ఆగి, నిలబడి, వెలుతురులో అటూ ఇటూ తిరిగి కనిపించదు, అంతే. నగరాన్ని తొక్కుకుంటూ పోయేది ఫొటో స్టూడియోలో నిలబడినట్టు నిలబడదు కదా.

బడ్జెట్ మాటకొస్తే, దాదాపు 2.5 కోట్ల డాలర్లు. అప్పటి రూపాయి లెక్కలో సుమారు 100 కోట్లు. హాలీవుడ్ రాక్షస సినిమాల్లో అది చిన్న మొత్తమే, ఒప్పుకుంటాను. కానీ గ్రాఫిక్స్ చేసినవి డబుల్ నెగటివ్, టిప్పెట్ స్టూడియో అనే పేరున్న సంస్థలు. రాక్షసి ఆకారాన్ని గీసింది నెవిల్ పేజ్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కెమెరా ఊగితే గ్రాఫిక్స్ ఖర్చు తగ్గదు, పని పెరుగుతుంది. ట్రైపాడ్ మీద కదలకుండా తీసిన షాట్లో ఒక బొమ్మ పెట్టడం తేలిక. ఊగే షాట్లో పెట్టాలంటే సెకనుకు 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేములోనూ కెమెరా ఎంత వంగింది, ఎటు తిరిగింది, ఎంత ముందుకు పోయింది అన్నది కంప్యూటర్లో లెక్క కట్టాలి. లెక్క ఒక్క వెంట్రుకవాసి తప్పినా బిల్డింగు నేల మీద జారుతున్నట్టు కనబడుతుంది. డబ్బు దాచుకోవాలనుకున్నవాడు చేసే పని కాదది.

మహానంది వైపు చిరుత తిరుగుతోందని ఫోన్లలో వీడియోలు వచ్చిన రోజులు గుర్తు తెచ్చుకోండి. చీకట్లో, దూరంగా, ఐదు సెకన్లు. పొదలో తోక ఒకటి కదిలి మాయమయ్యేది. అది చూసి ఎవరైనా "సరిగా తీయలేదు, అబద్ధం" అన్నారా? సాయంత్రం ఆరు కాకముందే పిల్లల్ని ఇళ్లలోకి పిలుచుకున్నారు. కళ్లముందు నిలబెట్టి చూపిస్తేనే భయం అనేది ఒక పద్ధతి. అరకొరగా చూపిస్తే మిగతాది మనసు పూరించుకోవడం ఇంకో పద్ధతి. రెండోది మనవాళ్లకు కొత్త కాదు. రాత్రి కొరివి దెయ్యం కథ చెప్పిన ఏ అవ్వా దాని ముక్కూ మూతీ ఇలా ఉంటాయని వర్ణించి చెప్పలేదు. దూరంగా చేలగట్టు మీద మంట నడిచిపోతోంది అని ఆగిపోయేది.

ఇదే సినిమాలో ఇంకో చోటుంది. రాక్షసి ఒంటి మీద నుంచి రాలిన చిన్న పురుగుల్లాంటివి మార్లీనా అనే అమ్మాయిని కరుస్తాయి. సైన్యం పెట్టిన శిబిరానికి చేరేసరికి ఆమె కళ్లలోంచి రక్తం కారుతుంటుంది. సైనికులు ఆమెను తెర వెనక్కి లాక్కుపోతారు. తర్వాత జరిగేది మనకు కనిపించేది తెర మీద నీడగానే. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసిన మన అనంతపురం జనానికి, గుడ్డ మీద ఆడే నీడకు ఎంత బలముందో ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

"కెమెరా పట్టుకోవడం రానివాడితో తీయించారు." దీని మీద కాసేపు ఆగుతాను, ఇది నా వృత్తి కాబట్టి.

సినిమాకు ఛాయాగ్రాహకుడు మైకేల్ బాన్‌విలన్. హడ్ పాత్ర వేసిన టి.జె. మిల్లర్ కొంత భాగం తనే స్వయంగా తీశాడు. పాత్ర చేతిలో కెమెరా ఉన్నప్పుడు ఆ పాత్ర వేసినవాడి చేతికే ఇవ్వడంలో తప్పేముంది? ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఎవరో బావమరిది కెమెరా లాక్కుని తీసిన వీడియోలు మా దగ్గరికి మిక్సింగ్‌కి వస్తుంటాయి. వాటిలో ఒక తీరు ఉంటుంది. మాట్లాడేవాళ్ల మీద కాకుండా తనకు నచ్చిన మనిషి మీదికి కెమెరా పోతూ ఉంటుంది. సరిగ్గా హడ్ కూడా అంతే. అతనికి మార్లీనా అంటే ఇష్టం. పార్టీలో అందరి శుభాకాంక్షలూ తీస్తూ తీస్తూ కెమెరా ఊరికే ఆమె దగ్గరికి పోతుంది. ఒక్క మాట చెప్పకుండా కెమెరా కదలికతోనే ఆ ఇష్టాన్ని చెప్పారు. రానివాడు చేసిన పని అంటారా దాన్ని?

హడ్ చనిపోయాక వచ్చే షాట్ ఒకటుంది. కెమెరా గడ్డిలో పడి ఉంటుంది. ఎదురుగా హడ్ ముఖం, మధ్యలో గడ్డి పోచలు. ఆటోఫోకస్ దేన్ని పట్టుకోవాలో తెలియక ఒకసారి గడ్డి మీదికి, ఒకసారి ముఖం మీదికి పోతుంది. మళ్లీ గడ్డి, మళ్లీ ముఖం. పట్టుకునే చెయ్యి లేదు, యంత్రం మాత్రం తన పని చేసుకుంటోంది. పెళ్లి మండపంలో పూలదండ అడ్డొస్తే మా కెమెరాలు ఇలాగే తంటాలు పడేవి. ఆ చిన్న లోపాన్ని తెచ్చి మనిషి చావు దగ్గర పెట్టారు. మొదటిసారి అది చూసినప్పుడు నేను వీడియో ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

మెట్రో సొరంగంలో నడిచే ఘట్టం కూడా అలాంటిదే. ఎలుకలన్నీ ఒకే దిక్కుకు పరుగెడుతుంటాయి. ఎందుకో అర్థం కాదు. చీకట్లో చూసే మోడ్ వేస్తే అప్పుడు తెలుస్తుంది పైన ఏమున్నాయో. పాత హ్యాండీక్యామ్‌లలో ఆ నైట్ బటన్ నొక్కినవాళ్లందరికీ తెలుసు, ఆ రంగులో మన ఇల్లే మన ఇల్లులా కనిపించదు.

వాంతుల మాట మాత్రం నిజం. కొందరికి తల తిరుగుతుంది. అమెరికాలో థియేటర్ల దగ్గరే హెచ్చరిక బోర్డులు పెట్టారు. కళ్లు కదలికను చూస్తున్నాయి, చెవి లోపల ఒంటి నిలకడను చూసుకునే భాగం మాత్రం నువ్వు కదలడం లేదు అంటోంది. ఆ రెండూ పొసగకపోతే కడుపులో తిప్పుతుంది, శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివినట్టు. అలాంటివాళ్లు దూరంగా కూర్చుని, చిన్న స్క్రీన్ మీద, గదిలో లైటు వేసుకుని చూస్తే కొంత నయం. అయినా పడకపోతే చూడకపోవడమే మంచిది. కానీ ఒంటికి పడకపోవడం వేరు, తీయడం రాకపోవడం వేరు.

"మ్యూజిక్ పెట్టలేదు" అన్నది చిన్న విషయం. చేతి కెమెరాలో రికార్డయిన దానికి వెనకాల వయొలిన్లు ఎక్కడి నుంచి వస్తాయి? పార్టీలో మోగే పాటలు తప్ప సినిమాలో సంగీతం లేదు, కావాలనే పెట్టలేదు. పేర్లు పడేటప్పుడు మాత్రం మైకేల్ జియాకినో చేసిన 'రోర్' అనే సంగీతం మోగుతుంది, పాత జపాన్ రాక్షస సినిమాలకు దండం పెడుతున్నట్టుగా. డబ్బుల్లేకపోతే అది మాత్రం ఎలా చేయించారు?

ఇక "ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవడైనా వీడియో తీస్తాడా" అన్నది. మెసేజీలో అందరూ మెచ్చుకున్న లైను ఇదేనట. కర్నూలు జనం ఈ మాట ఫార్వర్డ్ చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. సుంకేసుల మీదుగా తుంగభద్ర, ఇటు హంద్రీ కలిసి మన ఊరి మీద పడిన రోజు. మా అక్కవాళ్ల ఇల్లు పాతబస్తీలో. వానలు ఆగడం లేదని ముందురోజే అక్కడికి వెళ్లాను. ఆ ముందు వారమే మేనల్లుడి మూడో పుట్టినరోజు తీశాను కాబట్టి కెమెరా వాళ్లింట్లోనే ఉంది. నీళ్లు గుమ్మం దాటడం, మంచాలు తేలడం, మేమంతా మిద్దె ఎక్కడం, అన్నీ గంటలోపే అయిపోయాయి. అక్క పిల్లాణ్ని ఎత్తుకుంది. బావ బియ్యం మూట పైకి తెచ్చాడు. నేను కెమెరా సంచి తెచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పుడూ ఆలోచించలేదు.

మిద్దె మీద నుంచి తీశాను. సుమారు ఇరవై నిమిషాలు. గ్యాస్ సిలిండర్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ పోవడం, ఎదురింటి మొదటి అంతస్తు కిటికీలోకి నీళ్లు దూరడం, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ ఉండటం. పిలుస్తున్న మనిషి ఎక్కడా కనిపించడు, గొంతు మాత్రం టేపులో మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. తర్వాత ఆ టేపు వేసి చూస్తే, ట్రైపాడ్ లేకుండా మూడు గంటలు ముహూర్తం తీయగలిగిన నా చేతులు ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క పది సెకన్లు కూడా నిలకడగా లేవు. సగం సేపు ఆకాశం, నీళ్ల ట్యాంకు అంచు, అక్క కొంగు. వరద చూపించు అంటే చూపించడానికి అందులో సరైన షాట్ ఒక్కటీ లేదు. కానీ ఆ రోజు మిద్దె మీద ఉండటం ఎలా ఉండిందో అది మాత్రం ఉంది.

ఎందుకు తీశావు అని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. చేతులకు ఒక పని కావాలి. చిన్న స్క్రీన్‌లోంచి చూస్తే అది కొంచెం దూరంగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. రేపు చెబితే ఎవరూ నమ్మరు అన్న భయం. సినిమాలో హడ్ చెప్పేది కూడా అదే, ఇదంతా ఎలా జరిగిందో జనం తెలుసుకోవాలనుకుంటారు అని. నేను ఆ సినిమా చూసింది వరద తర్వాతి ఏడాది, డీవీడీలో. ఆ మాట వినగానే మిద్దె గుర్తొచ్చింది.

నేనొక్కణ్నే కాదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎంతోమంది చనిపోయారు. నందలూరు దగ్గర వరదలో చిక్కుకున్న ఆర్టీసీ బస్సు పైన జనం నిలబడి ఉన్న వీడియోలు రాష్ట్రమంతా చూసింది. అవి ఎవరు తీశారు? టీవీ వాళ్లు అప్పటికి చేరనే లేదు. అక్కడున్నవాళ్లు తీశారు. 2004 డిసెంబర్ సునామీ అలలు మనందరి కళ్లలో ఉన్నాయంటే అది ఒడ్డున ఉన్నవాళ్ల చేతి కెమెరాల వల్లే. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ వీధుల్లో దుమ్ము మేఘం తరుముకొస్తుంటే కెమెరా ఆపకుండా పరుగెత్తినవాళ్లున్నారు. ఈ సినిమాలో బిల్డింగు కూలి దుమ్ము వీధి నిండా కమ్ముకునే ఘట్టం, జనం షాపులోకి దూరడం, బూడిద పట్టిన ముఖాలతో బయటికి రావడం, అన్నీ ఆ రోజు దృశ్యాల్లాగే తీశారు. ఏడేళ్లకే ఆ గాయాన్ని రాక్షసి సినిమాకు వాడుకున్నారని అక్కడ కొందరు తప్పుబట్టారు కూడా. ఆ అభ్యంతరం మీద నేను వాదించను, అది వాళ్లు పడ్డ బాధ. కానీ "ఎవడూ తీయడు" అనడం మాత్రం చూసిన కళ్లను కాదనడమే.

హడ్ ప్రతిసారీ తీస్తూనే ఉంటాడా, అప్పుడప్పుడు కెమెరా పారేసి పరుగెత్తాలి కదా అంటే, అది సరైన ప్రశ్నే. పురుగులు మీద పడుతున్నప్పుడు కూడా కెమెరా చేతిలోనే ఉండటం నాకూ కొంచెం అతిగానే అనిపించింది. సినిమా కాబట్టి ఆ మాత్రం సర్దుకున్నాను.

"కథ లేదు." దీనికి జవాబు చెప్పాలంటే టేపు గురించి చెప్పాలి.

మా కాలంలో మినీ డీవీ టేపులు. మామూలుగా ఒక గంట, నిడివి పెంచి రికార్డు చేస్తే గంటన్నర. కొత్త టేపు లేనప్పుడు పాతదాని మీదే తీసేవాళ్లం. పాతది చెరిగి కొత్తది పడుతుంది. కానీ మధ్యలో ఆపి, రికార్డయిందో లేదో చూద్దామని వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు పోనిచ్చి రికార్డు నొక్కితే, ఆ సందులో పాతది కొన్ని సెకన్లు చెరగకుండా మిగిలిపోతుంది. రెండూ కలిసే చోట బొమ్మ ఒక్క క్షణం గళ్లు గళ్లుగా విరిగి కనిపిస్తుంది. మాకది పెద్ద తలనొప్పి. పెళ్లికొడుకు తాళి కట్టబోతుండగా మూడు సెకన్లు ఎవరిదో గృహప్రవేశం వచ్చిన సందర్భాలున్నాయి.

ఈ సినిమా కథ మొత్తం ఆ సందుల్లో ఉంది. హడ్ తీస్తున్నది రాబ్ కెమెరాలో. అందులో అంతకుముందు నెల, ఏప్రిల్ 27న, రాబ్, బెత్ కలిసి గడిపిన ఒక రోజు ఉంది. పొద్దున ఆమె ఇంట్లో, తర్వాత రైలెక్కి కోనీ ఐలాండ్ అనే సముద్రపు ఒడ్డుకు. వాళ్లు మొదట మంచి స్నేహితులు, ఆ రోజు ఇంకాస్త దగ్గరయ్యారు. తర్వాత రాబ్ ఫోన్ చేయడు. జపాన్ వెళ్లిపోతున్నాను కదా, ఎందుకులే అనుకుంటాడు. పార్టీకి ఆమె ఇంకొకడితో వస్తుంది, ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది, ఆమె వెళ్లిపోతుంది. తర్వాత ఊరు కూలుతుంది. ఆ రాత్రంతా పడుతున్న భయం, చావు, పరుగు, అన్నీ ఆ ఒక్క మంచి రోజు మీద రికార్డవుతూ దాన్ని చెరిపేస్తున్నాయి. నడుమ నడుమ కెమెరా ఆగిన చోట రెండు సెకన్లు బెత్ నవ్వుతూ కనిపిస్తుంది, మళ్లీ చీకటి. రాబ్ ఆ శిథిలాల్లోకి ఎందుకు పోతున్నాడో ఏ డైలాగూ అంత బాగా చెప్పలేదు.

ఇక్కడ ఒక లోపం నేనే చెబుతాను. మొదట్లో రక్షణ శాఖ అక్షరాల్లో ఇది డిజిటల్ ఎస్‌డీ కార్డు అని పడుతుంది. కార్డులో పాత వీడియో మీద కొత్తది ఇలా పడదు, ప్రతి షాటూ విడివిడి ఫైలుగా సేవ్ అవుతుంది. ఈ పని టేపులోనే జరుగుతుంది. తీసినవాళ్లు అక్కడ పొరపాటు చేశారు. మెసేజీ రాసినతను నిజంగా తప్పు పట్టాలనుకుంటే ఇది పట్టుకోవాల్సింది. పేర్లు తీసేస్తే సినిమా గంటా పావు లోపే. అది ఒక టేపు నిడివిలో ఒదుగుతుంది, ఆ లెక్క మాత్రం వాళ్లు బాగానే వేశారు.

నా వరద టేపు కూడా అలాంటిదే. పుట్టినరోజు మీదే అది రికార్డయింది. మధ్యలో ఒకసారి ఆపి చూసుకున్నాను కాబట్టి ఆరు సెకన్లు మిగిలింది. మూడేళ్ల పిల్లాడు, బుగ్గ మీద క్రీము, అక్క కొంగుతో తుడుస్తుంటే ముఖం పక్కకు తిప్పుకోవడం. ఆ తర్వాత ఒక్కసారిగా బురద నీళ్లు. వరదలో వాళ్ల ఇంట్లో ఆల్బంలన్నీ పోయాయి. అక్క ఆ వరదను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడైనా ఇంటికి వస్తే, "ఆ బిట్ ఒక్కటి పెట్టురా" అంటుంది. ఆరు సెకన్లు అయిపోగానే నేను ఆపేయాలి. ఈ సినిమాలో కథ లేదని ఆమె దగ్గర ఎవరైనా అంటే ఏం చెబుతుందో తెలియదు గానీ, నాకు మాత్రం ఆ మాట ఒప్పుకోవడం చేతకాదు.

"గాడ్జిల్లాకు కాపీ" అన్నదానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జపాన్ వెళ్లినప్పుడు కొడుకుతో బొమ్మల షాపుకు పోతే అక్కడ గాడ్జిల్లా బొమ్మలు చూసి, మాకూ ఇలాంటి రాక్షసి ఒకటి ఉండాలి అనుకున్నానని అబ్రమ్స్ బాహాటంగానే చెప్పాడు. దొంగతనం చేసేవాడు ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పడు. 1954 నాటి గాడ్జిల్లాలో శాస్త్రవేత్తలుంటారు, మీటింగులుంటాయి, రాక్షసి ఎందుకొచ్చిందో చర్చిస్తారు. దాని వెనక అణుబాంబు పడ్డ దేశపు దుఃఖం ఉంది. ఇందులో ఆ గదుల్లోకి మనకు ప్రవేశమే లేదు. రోడ్డు మీద పరుగెత్తే మామూలు మనిషికి ఎంత తెలుస్తుందో మనకూ అంతే.

"ఫ్లాప్" అన్నది పచ్చి అబద్ధం. 2.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచవ్యాప్తంగా 17 కోట్ల డాలర్లు దాకా వచ్చాయి. అమెరికాలో మొదటి మూడు రోజుల్లోనే 4 కోట్లు. రెండో వారం బాగా పడిపోయిన మాట నిజమే, జనం రెండుగా చీలిపోయారు. కానీ పెట్టినదానికి ఆరు రెట్లకు పైగా వసూలు చేసిన సినిమాను ఫ్లాప్ అనే లెక్క మన ఊళ్లో ఏ డిస్ట్రిబ్యూటరూ ఒప్పుకోడు.

ఆఖరిది, "ముగింపు లేదు, రాక్షసి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు." నోటితో చెప్పలేదు. అది పిల్ల రాక్షసి అని, తల్లి కనబడక బెదిరిపోయి అలా చేస్తోందని దర్శకుడు తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ మాట తెలిసి చూస్తే, హడ్ మీదికి వంగిన ముఖంలో కోపం కన్నా బెదురే ఎక్కువ కనిపిస్తుంది. రాబ్, బెత్ పార్కులో వంతెన కింద దాక్కుంటారు. ఇద్దరూ కెమెరాకు తమ పేర్లు చెబుతారు. బాంబులు పడతాయి. రాళ్ల కింద కెమెరా ఇంకా తిరుగుతుండగా రికార్డు ఆగిపోతుంది. ఆ వెంటనే టేపు చివర చెరగకుండా మిగిలిన పాత ముక్క వస్తుంది. కోనీ ఐలాండ్‌లో జెయింట్ వీల్ మీద ఇద్దరూ. ఇది నాకు మంచి రోజు అని బెత్ అంటుంది. సినిమా అయిపోతుంది. ఇంతకన్నా పూర్తయిన ముగింపు నేను తక్కువగా చూశాను.

మొన్న ఆదివారం మేనల్లుడు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చివరి ఐదు నిమిషాలు వేశాను. "మామా, ఇది నేను చూసిందే, ఏముంది ఇందులో" అన్నాడు. జెయింట్ వీల్ షాట్ రాగానే, వాళ్ల ముఖాలు చూడకు, వెనకాల సముద్రం చూడు అన్నాను. మొదటిసారి పట్టుకోలేకపోయాడు. రెండోసారి వెనక్కి తిప్పి ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా, నీళ్లలో, ఆకాశం నుంచి చిన్నది ఏదో పడుతుంది. రాక్షసి రాకకు నెల ముందే, ఇద్దరు నవ్వుకుంటున్న వీడియోలో, వాళ్ల కంట పడకుండా. మెసేజీ పంపినవాళ్లు ఆ ఒక్క షాట్ మళ్లీ వేసి చూడండి.